కాంతి కంటే వేగంగా దూరమవుతున్న గెలాక్సీలు.. మరి ఐన్‌స్టీన్ చెప్పింది తప్పా? అసలు సంగతి ఇదీ!

కాంతి కంటే వేగంగా ఏదీ వెళ్లలేదు.. స్కూల్లో అందరం చదువుకున్నదే. కాంతి వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. ఈ లెక్కన 1,380 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఉన్నదేదీ మనకు కనిపించకూడదు. కానీ మనం చూడగలిగే విశ్వం అంచు అన్ని వైపులా దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అదెలా సాధ్యం?

సాగేది స్పేస్.. పరిగెత్తేది గెలాక్సీ కాదు

ఎలాస్టిక్ పట్టీ మీద చీమ నడుస్తోందనుకోండి. అదే సమయంలో పట్టీని సాగదీస్తే? చీమ తన మామూలు వేగంతోనే నడుస్తుంది. కానీ అది దాటొచ్చిన దూరం కూడా వెనకాల పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడ చీమ కాంతి అయితే, పట్టీ స్పేస్. ఐన్‌స్టీన్ పెట్టిన స్పీడ్ లిమిట్ స్పేస్‌లో కదిలే వాటికే. స్పేస్ సాగడానికి అది వర్తించదు.

గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతోందని 1929లో ఎడ్విన్ హబుల్ చూపించారు. ఇప్పటి లెక్కల ప్రకారం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి ఈ వేగం సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. అలా దాదాపు 1,400 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గరికి వచ్చేసరికి అది కాంతి వేగాన్ని అందుకుంటుంది. ఆపైన ఉన్నవన్నీ అంతకంటే వేగంగా దూరమవుతున్నట్టే.

మరి మన పాలపుంత కూడా సాగిపోతుందా?

లేదు. భూమి, సౌర కుటుంబం, పాలపుంత.. వీటిని గురుత్వాకర్షణ గట్టిగా పట్టి ఉంచుతుంది. సాగేది గెలాక్సీల గుంపుల మధ్య ఉన్న దూరమే.

ఇక ఎప్పటికీ రాని వెలుగు

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గుర్తించిన 'జేడ్స్-జీఎస్-జెడ్14-0' గెలాక్సీ వెలుగు దాదాపు 1,350 కోట్ల ఏళ్లు ప్రయాణించి మనల్ని చేరింది. ఈలోగా ఆ గెలాక్సీ సుమారు 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి వెళ్లిపోయింది. పైగా విశ్వం సాగే వేగం పెరుగుతోందని 1998లోనే తేలింది. దీంతో సుమారు 1,700 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఈరోజు బయలుదేరే వెలుగు మనల్ని ఎప్పటికీ చేరదు. అంటే ఆ గెలాక్సీ పాత ఫొటో మాత్రమే మన చేతికి అందింది. ఇవాళ అది ఎలా ఉందో, అసలు ఉందో లేదో.. ఎన్ని కోట్ల ఏళ్లు ఎదురుచూసినా ఇక్కడి నుంచి చూసే ఛాన్స్ లేదు.