కారులో పిల్లల ముందు ట్యాబ్: తల్లిదండ్రులు గమనించవలసిన విషయాలు



సెలవులు రాగానే విజయవాడ, హైదరాబాదుల నుండి మన దివిసీమకు కార్లు వరుస కడతాయి. అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూసి రావాలని అందరికీ సరదా. ఈ మధ్య ఆ కార్లలో ఒక వస్తువు ఎక్కువగా కనబడుతున్నది. ముందు సీటు హెడ్‌రెస్టుకు వెనుక వైపున ఒక స్టాండు బిగించి, అందులో ట్యాబ్ పెడుతున్నారు. వెనుక కూర్చున్న పిల్లలు బొమ్మల సినిమాలు చూస్తూ పేచీ పెట్టకుండా ఉంటారు. బండి నడిపేవారికీ ప్రశాంతంగా ఉంటుంది. మంచిదే, కాని దానిని వాడే పద్ధతి తెలియాలి.

ఒక ఆదివారం సాయంత్రం నాలుగేళ్ల బాబును క్యాజువాలిటీకి తెచ్చారు. హంసలదీవి నుండి తిరిగి వస్తుండగా గేదె అడ్డం వచ్చి తండ్రి గట్టిగా బ్రేకు వేశారట. కారులో స్టాండు ఉంది. కాని బాబు మారాం చేస్తే ట్యాబ్ ఊడదీసి చేతికిచ్చారు. బెల్టు పెట్టలేదు. "దగ్గరే కదా అనుకున్నామండీ సిస్టర్ గారూ" అన్నది తల్లి. ట్యాబ్ అంచు తగిలి పెదవి చీలింది, ముందు పన్ను కదిలింది. దేవుని దయవల్ల మూడు కుట్లతో సరిపోయింది. "ఇంటికెళ్లగానే ఆ స్టాండు పారేస్తాను" అన్నారు తండ్రి. తప్పు స్టాండుది కాదని నచ్చజెప్పి, ఆ రోజు వారికి చెప్పిన మాటలే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

ముందు బెల్టు, తరువాతే ట్యాబ్

గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్లే కారు దేనినైనా ఢీకొని ఆగితే, లోపల కట్టి ఉంచనిదల్లా అదే వేగంతో ముందుకు ఎగురుతుంది. సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి, అంటే మూడంతస్తుల మేడ పైనుండి పడినంత దెబ్బ అది. ఒడిలో ఉన్న బిడ్డను ఆ క్షణంలో ఎంత బలమైన చేతులూ ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటుబెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోతే బండి నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచి, బిడ్డ ప్రాణం కోసం బెల్టు పెట్టండి. బెల్టు పెడితేనే బొమ్మలు పెడతామని మొదటి రోజు నుండే అలవాటు చేస్తే పిల్లలే అడిగి పెట్టించుకుంటారు.

స్టాండు బిగించేటప్పుడు

• హెడ్‌రెస్టు కడ్డీలకు రెండు వైపులా గట్టిగా బిగించాలి. చేతితో లాగి, ఊపి చూడండి. కదిలితే వాడవద్దు.
• స్టాండు సీటుకు ఆనుకుని ఉండాలి. పొడుగాటి చెయ్యిలాగా పిల్లవాని ముఖం వైపు చొచ్చుకు వచ్చే రకం మంచిది కాదు.
• ట్యాబ్‌కు రబ్బరు కవరు వేయండి. స్టాండులో నుండి తీసి చేతికి ఇవ్వవద్దు.
• ఛార్జరు తీగ పిల్లల మెడకు, చేతికి అందేలా వేలాడకూడదు.
• తెర డ్రైవరుకు కనబడకూడదు. బండి నడుపుతూ బొమ్మ మార్చవద్దు. బండి ఆపి మార్చండి.

వాంతి ఎందుకు వస్తుంది?

మన లోపలి చెవి కారు కదులుతున్నదని మెదడుకు చెబుతుంది. తెర మీద నిలిచిన కళ్లు కదలిక లేదని చెబుతాయి. ఈ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. 2 నుండి 12 ఏళ్ల పిల్లలకు ఇది ఎక్కువ. ట్యాబ్ ఒడిలో ఉంటే తల వంచాలి కాబట్టి మరీ ఎక్కువవుతుంది. కంటి ఎత్తులో స్టాండు ఉంటే కొంత నయం. పిల్లవాడు ఆవులిస్తున్నా, ముఖం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే తెర ఆపండి. అద్దం దించి దూరంగా చూడమనండి. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు చాలు, నూనె వంటకాలు వద్దు. వాంతి మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వకండి. ముఖ్యంగా ప్రొమెథజిన్ మందు 2 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు.

ఒక హెచ్చరిక. తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులైనా, మగతగా ఉన్నా అది ప్రయాణపు వాంతి అనుకుని పడుకోబెట్టవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎంతసేపు చూడవచ్చు?

2 ఏళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, 2 నుండి 4 ఏళ్ల వారికి రోజు మొత్తం మీద గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇంట్లో చూసిన టీవీ కూడా ఆ గంటలోనే లెక్క. 20 నిమిషాలకొకసారి ఆపి, కిటికీలోనుండి దూరంగా చూడమనాలి. శబ్దం తక్కువగా ఉంచండి. చెవిలో ఇయర్‌ఫోను ఉన్నా మీరు మామూలుగా పిలిస్తే బిడ్డకు వినబడాలి.

వేసవిలో ఎండన ఆపిన కారు లోపల నిమిషాల్లో వేడెక్కుతుంది. ట్యాబ్‌ను అందులో వదిలితే బ్యాటరీ పాడవుతుంది. ఇక "బొమ్మలు చూస్తున్నాడులే" అని పిల్లవానిని కారులో వదిలి దిగడం ప్రాణాపాయం. అయిదు నిమిషాలకైనా వదలకండి.

పులిగడ్డ దగ్గర ఆపేయండి

ఊళ్లు దాటే సుదీర్ఘ ప్రయాణంలో ట్యాబ్ సాయం తీసుకోండి. కాని పులిగడ్డ రాగానే తెర ఆపి, నది మీదుగా కాలువ దాటే అక్విడక్టును చూపించండి. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. తాటిచెట్లు లెక్కపెట్టమనండి. కోడూరు దాటాక మడ అడవులు, పడవలు చూపించండి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను చూసిన తాతయ్యో, అమ్మమ్మో బండిలో ఉంటే ఆ రాత్రి సంగతి వారి నోట చెప్పించండి. ఆ మాట వినడానికి మన పిల్లలకు ఇంకా ఎన్నేళ్లు అవకాశం ఉంటుంది?

త్రోవలో నడిచేటప్పుడు కూడా పిల్లలతో మాట్లాడి నేర్పించమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు చెప్పాడు. మన త్రోవ ఇప్పుడు కారులో సాగుతున్నది, అంతే తేడా. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్