నిఫా ఆచూకీ: నాడు అయిదేళ్లు, నేడు కొన్ని గంటలు

పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి పట్టణంలో 2001 జనవరి, ఫిబ్రవరి మాసాలలో ఒక అంతుచిక్కని జ్వరం ప్రబలింది. జ్వరంతో ఆస్పత్రిలో చేరినవారు త్వరలోనే స్పృహ కోల్పోయేవారు. వ్యాధి సోకిన 66 మందిలో 45 మంది మరణించారు. ఆస్పత్రి సిబ్బంది, రోగులను చూడవచ్చిన బంధువులు కూడా పెద్ద సంఖ్యలో దీని బారిన పడ్డారు. అప్పట్లో జరిపిన పరీక్షలలో వ్యాధికారక క్రిమి ఏదో తేలలేదు.

నిజానికి నిఫా వైరస్ అప్పటికి కొత్తదేమీ కాదు. 1998-99లోనే మలేసియాలో అది వందమందికి పైగా ప్రాణాలను బలిగొంది. అయితే సిలిగురిలో దాని కోసం ఎవరూ వెతకలేదు. పొరుగునున్న బంగ్లాదేశ్‌లో ఆ తర్వాత నిఫా బయటపడడంతో శాస్త్రజ్ఞుల దృష్టి మళ్లీ సిలిగురి వైపు మళ్లింది. భద్రపరచిన నమూనాలను తిరిగి పరీక్షించగా 18 మంది రోగులలో 9 మందికి నిఫా యాంటీబాడీలు ఉన్నట్లు, 5గురి మూత్రంలో వైరస్ జన్యుపదార్థం ఉన్నట్లు వెల్లడైంది. ఈ ఫలితాలు ప్రచురితమయ్యేసరికి 2006వ సంవత్సరం వచ్చింది.

కేరళలో పరిస్థితి వేరు. 2018 మే 5న కోజికోడ్ వైద్య కళాశాల ఆస్పత్రిలో మరణించిన తొలి రోగికి వచ్చినదేమిటో ఎవరికీ తెలియదు. రెండు వారాలు తిరగకముందే అతని సోదరుడు అవే లక్షణాలతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాడు. ఒకే ఇంట వరుసగా మెదడువాపు రావడం అక్కడి వైద్యులకు అనుమానం కలిగించింది. కర్ణాటకలోని మణిపాల్ వైరస్ పరిశోధన కేంద్రానికి పంపిన నమూనాలలో కొద్ది గంటల్లోనే నిఫా ఆనవాలు దొరికింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ మే 20న దానిని ధ్రువీకరించింది. అయినా తొలి మరణానికి, ఈ నిర్ధారణకు మధ్య గడచిన పక్షం రోజులకు భారీ మూల్యమే చెల్లించవలసి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారం 17 మంది మరణించారు. వ్యాధి సోకినవారిలో అత్యధికులకు అది ఆ తొలి రోగి నుంచే, ఆస్పత్రి వార్డులలో, వరండాలలో అంటుకుంది. అతనికి సేవలు చేసిన నర్సు కూడా మృతులలో ఉన్నారు.

ఇంత త్వరగా ఆచూకీ తీసిన పద్ధతి పేరు ఆర్‌టీ-పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు పల్లెల్లో కూడా వినిపించింది. నిఫా జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు ముందుగా డీఎన్‌ఏ ప్రతిని తయారుచేస్తారు. యంత్రం దానిని వేడిచేస్తూ, చల్లారుస్తూ ప్రతి ఆవృత్తిలో రెట్టింపు చేస్తుంది. 30 ఆవృత్తులు పూర్తయితే, లెక్క ప్రకారం ఒక్క ప్రతి 100 కోట్లు దాటుతుంది. అందుకే నమూనాలో వైరస్ అత్యల్పంగా ఉన్నా పట్టుబడుతుంది. చిక్కల్లా ఒక్కటే. నిఫా కోసం తయారుచేసిన పరీక్ష నిఫానే చూపుతుంది. వైద్యునికి అనుమానం రాకపోతే యంత్రం ఎంత గొప్పదైనా నిరుపయోగమే.

2023లో ఇది మరోసారి రుజువైంది. ఆగస్టు 30న కోజికోడ్ జిల్లాలో మరణించిన వ్యక్తి విషయంలో నిఫా అన్న ఊహే రాలేదు. అతని కుటుంబ సభ్యులు జబ్బుపడి, సెప్టెంబరు 11న మరొకరు మరణించాక గాని నమూనాలు పుణె చేరలేదు. మర్నాడే నిర్ధారణ జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి ఒక సంచార ప్రయోగశాలను కోజికోడ్‌కు తరలించింది. ఈసారి కేసులు ఆరుకు మించలేదు, మరణాలు రెండుతో ఆగాయి.

ఇప్పుడు రోగుల కోసం ఎదురుచూడకుండా, పండ్లు తినే గబ్బిలాల నుంచి కూడా శాస్త్రజ్ఞులు నమూనాలు సేకరిస్తున్నారు. కేరళ గబ్బిలాలలో వైరస్ ఉన్నట్లు పుణె సంస్థ పరీక్షలలో తేలింది. 2018లో తొలి రోగికి అది గబ్బిలం నుంచి ఏ దారిన చేరిందన్నది మాత్రం నేటికీ నిర్ధారణ కాలేదు.