మూడో రోజు తీసే రక్తపు బొట్టు... ఇంటికి ఫోన్ చేసి అడగండి

క్యాంపులో ఉండే మనవాళ్ళలో చాలామంది బిడ్డ పుట్టిన కబురు ఫోన్‌లోనే వింటారు. బరువెంత, ఎవరి పోలిక, తల్లి ఎలా ఉంది అని అడుగుతారు. వీటితోపాటు ఇంకో మాట కూడా అడగమని మేము కోరుతున్నాం. 'బిడ్డ మడమ నుంచి రక్తం తీసి పరీక్ష చేశారా?'

ఏమిటీ జబ్బు?

మూత్రపిండాలపైన చిన్న టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. ఒంట్లో ఉప్పును నిలిపి ఉంచే హార్మోన్, జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా శరీరం తట్టుకునేలా చేసే కార్టిసాల్ అనే హార్మోన్ వీటిలోనే తయారవుతాయి. కొందరు పిల్లల్లో ఈ తయారీకి కావలసిన ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తుంది. ఈ జబ్బు పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా. పొట్టిగా సీఏహెచ్ అంటారు.

జబ్బు తీవ్రంగా ఉంటే ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోతుంది. పుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో బిడ్డ పాలు తాగడు, వాంతులు చేసుకుంటాడు, బరువు తగ్గుతాడు, వడలిపోతాడు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆడపిల్లలకు పుట్టుకతోనే జననాంగాల్లో తేడా కనిపించవచ్చు. సిగ్గుపడి దాన్ని దాచకూడదు. మగపిల్లలకు పైకి ఏ తేడా ఉండదు. అందుకే వారిలో జబ్బు తెలియకుండా పోయే ప్రమాదం ఎక్కువ.

మనకెందుకు?

భారత వైద్య పరిశోధన మండలి 2007-12 మధ్య హైదరాబాద్, చెన్నై సహా 5 నగరాల్లో లక్షకు పైగా పసిపిల్లలకు ఈ పరీక్ష చేయించింది. 5,762 మందిలో ఒకరికి జబ్బు ఉన్నట్టు తేలింది. చెన్నైలో అయితే 2,036 మందిలో ఒకరికి ఉంది.

తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే, వారు ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఈ ప్రమాదం పెరుగుతుంది. ఇది దిష్టి కాదు, కోడలి పాదం దోషం అంతకన్నా కాదు. జన్యువు ఇద్దరి నుంచీ వస్తుంది.

పరీక్ష ఎలా?

పుట్టిన 48 గంటలు దాటాక మడమ మీద సూదితో పొడిచి కొన్ని రక్తపు చుక్కలు ప్రత్యేకమైన కాగితంపై తీసుకుంటారు. యూఏఈ, సౌదీల్లో పుట్టే పిల్లలకు చేసే పరీక్షల్లో సీఏహెచ్ కూడా ఉంది. మన ఊళ్ళలో అన్ని ఆస్పత్రుల్లో ఇది తప్పనిసరి కాదు. చాలాచోట్ల అడిగి చేయించుకోవాల్సిందే. ఫలితం తేడాగా వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అలా రావచ్చు. కానీ రెండో పరీక్ష ఆలస్యం చేయకూడదు.

జబ్బు తేలితే రోజూ వేసే హైడ్రోకార్టిసోన్ మాత్రలు, ఉప్పు నిలిపే మాత్రలు జీవితాంతం వాడాలి. జ్వరం వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం మోతాదు పెంచాలి. బాగానే ఉన్నాడు కదా అని సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. సరిగా వాడితే బిడ్డ అందరిలాగే పెరుగుతాడు, బడికి వెళ్తాడు.

ఫోన్‌లో చెప్పాల్సినవి

• కాన్పుకు ముందే ఆస్పత్రిలో పరీక్ష ఉందో లేదో, ఖర్చెంతో కనుక్కోమనండి.

• ఇంటికి పంపేముందు రక్తం తీశారా, రిపోర్టు ఎప్పుడిస్తారు అని అడగమనండి.

• మొదటి నెలలో బిడ్డ పాలు మానేసి వాంతులు చేసుకుంటుంటే మంత్రం, పసరు అని ఆగకుండా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమనండి. పరీక్ష చేయించామన్న ధీమాతోనూ ఆగకూడదు.

• ఇంతకుముందు ఏ బిడ్డయినా నెలలోపు కారణం తెలియకుండా పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పమనండి.

పక్క మంచం మీది సోదరుడి ఇంట్లో కాన్పు దగ్గరపడితే ఈ కాగితం అతనికివ్వండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి.