తుపాను రాత్రి ఇంటికి దీపం



అక్టోబరు, నవంబరు మాసాలు వచ్చాయంటే మన కోస్తా జిల్లాలకు తుపాను భయం ఉండనే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో దాటింది. రెండుసార్లూ కరెంటు స్తంభాలు నేలకూలి, ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అటువంటి సమయానికి ఇంట్లో ఏమి ఏర్పాటు చేసుకోవాలి? అది చూద్దాం.

ముందుగా బాటరీ లెక్క. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టరు బాటరీ ఉన్నదనుకోండి. రెండూ హెచ్చవేస్తే 1,800 వాట్-గంటలు. అయితే గాదెను అడుగుదాకా ఊడ్చం గదా! సీసపు బాటరీ కూడా అంతే. సగం వాడి ఆపితే ఎక్కువకాలం మన్నుతుంది. ఇన్వర్టరులో పోయేది పోగా, చేతికి వచ్చేది సుమారు 700 అనుకోండి. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బులు మూడు, 75 వాట్ల ఫ్యాను ఒకటి వేస్తే సుమారు 7 గంటలు వస్తుంది. ఫ్యాను మాని, అవసరమైనప్పుడే దీపాలు వేసి, తక్కిన వేళ ఇన్వర్టరు ఆపివేస్తే, రెండు మూడు రాత్రులు గడుస్తాయి. నీళ్ళ మోటారు జోలికి మాత్రం పోవద్దు. తుపాను హెచ్చరిక వినగానే కరెంటు ఉండగానే తొట్లు, బిందెలు నింపుకోవాలి.

బాటరీని వరదనీరు అందని ఎత్తున, గాలి ఆడే చోట ఉంచాలి. చార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది గనుక దగ్గర దీపం పెట్టరాదు.

ఇక జనరేటరు. దీనిని ఇంట్లోగాని, వసారాలోగాని నడపరాదు. దాని పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట, కిటికీలకు దూరంగా, వాన తగలకుండా పెట్టాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటుంది. కొందరు వైరుకు రెండువైపులా ప్లగ్గులు బిగించి, జనరేటరు కరెంటును గోడ సాకెట్టులోకి ఎక్కిస్తారు. "మెయిను కట్టేశాం గదా" అంటారేమో! ఆ చీకట్లో, హడావిడిలో ఒక్కసారి మరిచినా చాలు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మనకు ఇస్తుంది. ఇవతలి నుంచి కరెంటు పోతే, అదే ట్రాన్స్‌ఫార్మరు దానిని వేల వోల్టులకు పెంచి పై తీగలోకి పంపుతుంది. లైను చచ్చిందనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ గతి ఏమిటి? మనకు వెలుగు తేవడానికి వచ్చినవాడే బలి అవుతాడు.

అందుచేత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. అది ఒకవైపు తిప్పితే లైను, ఇంకొకవైపు తిప్పితే జనరేటరు. రెండూ ఎన్నటికీ కలవవు. విస్తరణ కార్యకర్తలు గ్రామసభలో ఈ స్విచ్చిని చూపి చెప్పితే ఎంతో మేలు.

ఈ పనులన్నీ వానలు ముదరకముందే ముగించుకోండి. గాలి లేచాక చేయగలిగింది తక్కువ.