జీతం పెంచాడు, కెప్టెన్సీ ఇవ్వనన్నాడు

1896 మేలో ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో వార్విక్‌షైర్ బౌలర్లను యార్క్‌షైర్ జట్టు ఉతికి ఆరేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో 887 పరుగులు! కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో ఇప్పటికీ అదే అత్యధిక స్కోరు. అందులో కెప్టెన్ లార్డ్ హాక్, ఎడమచేతి స్పిన్నర్ బాబీ పీల్ కలిసి ఎనిమిదో వికెట్‌కు 292 పరుగులు జోడించారు. హాక్ 166 చేశాడు. పీల్ 210తో నాటౌట్.

మరుసటి ఏడాదే ఆ పీల్‌ను హాక్ జట్టులోంచి పంపించేశాడు.

ఆనాటి ఇంగ్లండ్ క్రికెట్‌లో రెండు కులాలుండేవి. డబ్బు కోసం ఆడనక్కర్లేని పెద్దింటి బిడ్డలు అమెచ్యూర్లు. ఆటే బతుకుతెరువైన వాళ్లు ప్రొఫెషనల్స్. డ్రెస్సింగ్ రూములు కూడా వేరే. బ్యారన్ వంశంలో 1860లో పుట్టి, ఈటన్‌లోనూ కేంబ్రిడ్జ్‌లోనూ చదివిన మార్టిన్ బ్లేడెన్ హాక్ 1883లో యార్క్‌షైర్ కెప్టెన్ అయ్యాడు. అతని కింద ఆడేవాళ్లు ఎక్కువగా ప్రొఫెషనల్సే. ప్రతిభకు కొదవలేదు కానీ తాగుబోతుల జట్టన్న చెడ్డపేరు ఉండేది.

హాక్ ముందు వాళ్ల పొట్ట సంగతి చూశాడు. అప్పటిదాకా వేసవి పోతే ఆటగాడికి రాబడి ఉండేది కాదు. చలికాలంలోనూ జీతం ఇప్పించాడు. మంచి ఆటకు మార్కులు వేసి, మార్కుకు 5 షిల్లింగుల చొప్పున బహుమతి ఇచ్చాడు. ఆటగాడి సహాయార్థం ఆడే బెనిఫిట్ మ్యాచ్ డబ్బులో మూడింట రెండొంతులు క్లబ్బే మదుపు చేసేలా ఏర్పాటు చేశాడు. రిటైరైన ఆటగాళ్లు వీధిన పడటం చూసిన కాలంలో ఇది చిన్న పని కాదు. ఫలితం మైదానంలో కనిపించింది: 1893 నుంచి 1908 వరకు ఎనిమిది టైటిళ్లు.

అయితే క్రమశిక్షణ దగ్గర క్షమించడం ఉండేది కాదు. 1897 ఆగస్టులో షెఫీల్డ్‌లో మిడిల్‌సెక్స్‌తో మ్యాచ్‌కు పీల్ తాగి వచ్చాడు. వందకు పైగా టెస్టు వికెట్లు తీసిన మనిషి! 1894 సిడ్నీ టెస్టులో ఫాలోఆన్ ఆడిన ఇంగ్లండ్‌ను 6 వికెట్లు తీసి గెలిపించిన వీరుడు. హాక్ అతన్ని మైదానం దాటించాడు. పీల్ మళ్లీ యార్క్‌షైర్‌కు ఆడలేదు. 1898లో ఆ స్థానంలోకి వచ్చిన విల్‌ఫ్రెడ్ రోడ్స్ తొలి సీజన్‌లోనే 154 వికెట్లు తీశాడు.

బ్యాట్స్‌మన్‌గా హాక్ గొప్పవాడేం కాదు, సగటు 20 దాటిందంతే. జట్లను మాత్రం దేశదేశాలు తిప్పాడు. 1892-93లో ఇండియాకు తెచ్చిన జట్టు బొంబాయిలో పార్సీల చేతిలో ఒక మ్యాచ్ ఓడింది కూడా.

ఆటగాళ్లకు ఇంత మేలు చేసిన మనిషి 1925లో, ప్రొఫెషనల్ ఎవడూ ఇంగ్లండ్‌కు కెప్టెన్ కాకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంటున్నానని సభలో అన్నాడు. అది నోరుజారిన మాటని నాకనిపించదు. జీతగాళ్ల కడుపు నింపడం తన ధర్మమని ఎంత గట్టిగా నమ్మాడో, పెత్తనం తన తరగతిదేనని అంతే గట్టిగా నమ్మాడు.

హాక్ 1938లో పోయాడు. 1952లో లెన్ హటన్ అనే ప్రొఫెషనల్‌కు ఇంగ్లండ్ పగ్గాలు దక్కాయి. అతనిదీ యార్క్‌షైరే. సొంత కౌంటీ మాత్రం అతన్ని ఎన్నడూ పూర్తిస్థాయి కెప్టెన్‌ను చేయలేదు.