ఓరుగల్లు నుంచి ఢిల్లీ ఎంత దూరం?

మధ్యకోటలోని కీర్తితోరణాల దగ్గర నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి సూటిగా గీత గీస్తే సుమారు 1,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విమానం రెండు గంటల చిల్లరలో దింపేస్తుంది. కానీ ఖిలా వరంగల్‌లో ఇల్లున్నవాళ్లు ముందు శంషాబాద్ విమానాశ్రయం చేరాలి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా 170 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారికే మూడు గంటలు, చెకిన్‌కు మరో గంటన్నర. విమానంలో గడిపే దానికి రెట్టింపు సమయం నేల మీదే పోతుంది.

ఈ దూరం ఒకప్పుడు ఓరుగల్లును కాపాడింది. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ తొలిసారి కోటను ముట్టడించినప్పుడు ఢిల్లీ నుంచి క్రమంగా వచ్చే వార్తాహరులు ఉన్నట్టుండి రావడం మానేశారు. సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు లేచింది, సేనానులు తలోదారి పట్టారు, ముట్టడి చెదిరిపోయింది. ఇదంతా ఆనాటి ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. మట్టికోట, కందకం, రాతికోటల గురించి గైడ్లు ఎంతో చెబుతారు. ఢిల్లీ దూరాన్ని కూడా ఆ వరుసలో చేర్చాలని నాకనిపిస్తుంది. 1323లో ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. ఈసారి బీదరు వంటి కోటలను పట్టుకుని, వెనుక దారి తెగకుండా చూసుకుని మరీ వచ్చాడు. ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. అప్పటికి ఢిల్లీ ఇంకా సగానికి పైగా దూరంలో ఉంది.

ఇప్పుడు విమానం లెక్క చూద్దాం. గంటకు 800 కిలోమీటర్ల వేగానికి ఈ దూరం గంటన్నర పనే. అయితే టైమ్‌టేబుల్లో వేసే ఆ రెండు గంటల చిల్లర ఇక్కడ గేటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా మెల్లగా సాగడం, పైకెక్కడం, ఢిల్లీ మీద దిగడానికి వంతు కోసం తిరగడం, అన్నీ అందులోనే.

నిజాం హయాంలో 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం ఇదే ఖిలా వరంగల్ మండలంలో ఉంది. దశాబ్దాలుగా అక్కడ ప్రయాణికుల విమానం దిగలేదు. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని నిబంధన అడ్డుపడింది. సూటిదారిలో రెండింటి మధ్య దూరం సుమారు 145. ఆ అయిదు కిలోమీటర్ల తేడా ఓరుగల్లుకు ఏళ్ల తరబడి ఎదురుచూపు మిగిల్చింది. హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ ఒప్పుకున్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. అంతకుముందే 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. ఆ ఎకరాలు పచ్చని పొలాలు. రన్‌వే కంటే ముందు ఆ రైతుల చేతికి న్యాయమైన ధర అందాలి.

విమానాలు వచ్చాక ఎక్కడికి నడపాలన్నది అసలు ప్రశ్న. హైదరాబాద్‌కు మాత్రం వద్దు. వరంగల్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్ చేరతాం, విమానంతో మిగిలేదేమీ లేదు. తిరుపతి సూటిగా 480 కిలోమీటర్లు. రైల్లో రాత్రంతా పట్టే ఆ దారి చిన్న ఏటీఆర్ విమానానికి గంటంపావు. బెంగళూరు అంతకు కాస్త ఎక్కువ. ఎన్‌ఐటీ పిల్లలకు, టెక్స్‌టైల్ పార్కు వ్యాపారులకు ఈ రెండూ వెంటనే ఉపయోగపడతాయి.

ఢిల్లీకి మాత్రం పొద్దున్నే ఒకటి, రాత్రికి తిరిగొచ్చేది ఒకటి ఉండాలి. ఆరింటికి మామునూరులో ఎక్కితే పదింటికల్లా అక్కడ పని మొదలుపెట్టి, అదే రాత్రి కోటలోని ఇంటికి చేరగలగాలి. ఓరుగల్లు వాళ్లం ఇప్పటి నుంచే గట్టిగా అడగాల్సింది ఆ టైమ్‌టేబుల్‌నే.