వైర్‌లెస్‌కు వైరే దిక్కు

పడకగదిలో వీడియో ఆగిపోయి చక్రం తిరగడం మొదలవగానే చాలామంది నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. ఆ తర్వాత 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 200ది పెట్టించుకుంటారు. నెల బిల్లు పెరుగుతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ అమ్మేది రౌటర్ దాకా వచ్చే వేగం. అక్కడి నుంచి చేతిలోని ఫోను దాకా ఉన్న పది పదిహేను మీటర్ల దారి బాధ్యత మనదే, నెట్ ఎక్కువగా చిక్కుకునేదీ ఆ దారిలోనే. ఇది తేల్చుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, నెట్ అందని గదిలో ఒకసారి స్పీడ్ టెస్ట్ చేస్తే సరిపోతుంది. పెట్టె దగ్గర తొంభై పైన చూపించి గదిలో ఐదారుకు పడిపోతే ప్లాన్‌ను తప్పుపట్టి లాభం లేదు. పెట్టె దగ్గరే ఐదారు వస్తుంటే అప్పుడు కంపెనీని నిలదీయాల్సిందే.

వైఫై ప్రధానంగా రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అది కాస్త దూరం పోతుంది, గోడల్ని కొంత ఓర్చుకుంటుంది, కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. ఏ అడ్డూ లేని చోట కూడా దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక మన ఇళ్లలో ఉన్న అడ్డంకులకు లెక్కేముంది? తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, కమ్మీలు పరిచి పోసిన శ్లాబు, గోడకు ఆనించిన ఇనుప బీరువా, వెనక లోహపు పూత ఉన్న నిలువుటద్దం, చేపల తొట్టి. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న టవర్లలో మైవాన్ అనే అచ్చుల పద్ధతిలో గదుల మధ్య గోడలు కూడా కమ్మీలతో కాంక్రీటే పోస్తున్నారు. ఇటుక గోడల పాత అపార్ట్‌మెంట్లో రెండు గదులు దాటే సిగ్నల్ అక్కడ ఒక్క గది దాటడానికే ఆపసోపాలు పడుతుంది. సిగ్నల్ బలాన్ని కొలిచే అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 ఉంటే దివ్యంగా ఉన్నట్టు, 67 దాకా వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, 80 దాటితే ఆశ వదులుకోవచ్చు. ఈ కొలతలో పది తగ్గిందంటే శక్తి పదో వంతైపోయిందని అర్థం. ఒక్క బీరువాను పక్కకు జరిపితే గది బాగుపడటానికి కారణం ఇదే.

ఇంత తెలిసీ మనం రౌటర్‌ను పెట్టేది ఎక్కడంటే, కేబుల్ ఇంట్లోకి దూరిన మూల. టీవీ, నెట్ ఒకే కనెక్షన్ మీద వస్తుంటే సహజంగానే టీవీ కిందికి, షోకేసు తలుపుల వెనక్కి చేరుతుంది. బయటి గోడకు ఆనుకున్న పెట్టె సగం సిగ్నల్‌ను వీధికి ధారపోస్తుంది. వాస్తులో ఇంటి నడిమధ్యను బ్రహ్మస్థానమని ఖాళీగా వదలమంటారు. రౌటర్ కోరుకునేదీ ఆ చోటే, మనిషి ఎత్తుకు కాస్త పైన. నిలువుగా ఉన్న యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎక్కువగా అడ్డంగా పరుచుకుంటుంది గనుక మేడమీదికీ అందాలంటే ఒక యాంటెన్నాను పడుకోబెట్టి చూడొచ్చు. పెట్టెను హాలు మూల నుంచి నడవాలోకి తేవడానికి ఖర్చల్లా ఒక కేబుల్ ముక్క. చిన్న ఫ్లాట్లలో చాలావరకు కథ ఇక్కడితో ముగుస్తుంది.

పొడవాటి ఇళ్లకూ రెండంతస్తుల ఇళ్లకూ ఇది చాలదు. అక్కడ దుకాణం వాడు అంటగట్టేది రిపీటర్. ప్లగ్గులో గుచ్చితే చాలు, ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి. కానీ ఆ గీతలు చెప్పేది రిపీటర్‌కూ ఫోనుకూ మధ్య సంగతే, రౌటర్‌కూ రిపీటర్‌కూ మధ్య ఏం జరుగుతోందో అవి చెప్పవు. ఒకే రేడియోతో నడిచే చవక రకం ప్రతి మాటనూ ఒకసారి విని, అదే ఛానల్లో మళ్లీ పలకాలి. దాంతో వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా జనం దాన్ని తెచ్చి సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. అక్కడ దానికే సరిగా వినపడనప్పుడు అది చెప్పగలిగేది ఏముంటుంది? నా ఉద్దేశంలో ఆ డబ్బును క్యాట్ 6 కేబుల్ మీద పెట్టడం మేలు. అది 100 మీటర్ల దాకా 1,000 ఎంబీపీఎస్‌ను తరుగు లేకుండా మోస్తుంది. దాని రెండో చివర, అవసరమైన గదిలో, కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టాలి. అటక మీద పడున్న పాత రౌటర్‌లో ఆ మోడ్ ఉంటే అదే ఆ పని చేస్తుంది. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే నడుస్తున్నప్పుడు ఫోన్ తనంతట తానే మారుతుంది. కొన్ని ఫోన్లు బలహీనమైన సిగ్నల్‌నే పట్టుకు వేలాడే మాట నిజమే. ఈ మధ్య మోజుగా కొంటున్న, కొన్ని కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ పెట్టెలు కూడా వాటి మధ్య కేబుల్ ఉన్నప్పుడే పూర్తి సత్తా చూపిస్తాయి.

ఎనిమిది యాంటెన్నాల ఖరీదైన రౌటర్ కొంటే వైర్ల గొడవ ఉండదు కదా అనేవాళ్లున్నారు. వైఫై రేడియో ప్రసారం లాంటిది కాదు, రెండు వైపులా మాట్లాడుకోవాలి. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, చిన్న బ్యాటరీతో బతికే ఫోన్ అంత గట్టిగా బదులు పలకలేదు. ఆ బదులు చేరనంతవరకు పంపిందే మళ్లీ పంపుతూ ఉండాలి. దూరంగా ఉన్న ఒక్క పరికరం ఇలా నత్తనడక నడిస్తే, రౌటర్ పక్కనే కూర్చున్నవాళ్ల సమయం కూడా అదే తినేస్తుంది. ఇక ఇంటి మధ్యలో రేడియేషన్ పెట్టుకోవడమా అనే భయం. వైఫై వెలువరించేది పరమాణువుల్ని అయనీకరించే రకం కాదు, దాని శక్తి వాట్‌లో చిన్న భాగం. మనం చెవికి ఆనించుకునే సెల్‌ఫోన్‌ను పట్టించుకోకుండా నాలుగు గజాల దూరంలోని పెట్టెకు భయపడటంలో అర్థం లేదు.

అద్దె ఇంటివాళ్ల అభ్యంతరం మాత్రం తోసిపుచ్చదగ్గది కాదు. గోడకు మేకు కొట్టినా ఓనరు ఊరుకోని చోట కేబుల్ ఎలా లాగాలి? గుమ్మం కిందా స్కర్టింగ్ వెంటా అతికించుకునే బల్లపరుపు కేబుళ్లు దొరుకుతాయి. చాలా ఇళ్లలో పాత కేబుల్ టీవీ వైరు కోసం వేసిన పైపు గదిగదికీ ఉంటుంది. ఆ పాత వైరునే తాడుగా వాడి కొత్తదాన్ని లాక్కోవచ్చు. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం తోయకూడదు. ఏ దారీ లేకపోతేనే రిపీటర్, అదీ గదిలో కాకుండా సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఇరుగుపొరుగు రౌటర్లు. 2.4 బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. వాటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకోవాలి, దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది గనుక రౌటర్‌ను దాని పక్కన పెట్టకూడదు.

సొంతిల్లు కట్టుకునేవాళ్లకు ఈ తిప్పలేవీ అక్కర్లేదు. శ్లాబు పోసే ముందు ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లకూ లైట్లకూ పైపులు పరిచే రోజున, నెట్ లోపలికి వచ్చే మూల నుంచి ప్రతి అంతస్తు నడిమి కప్పుకూ విడిగా ఒక పైపు వేయించి, అందులో లాగుడు తీగ వదిలేయమంటే చాలు. కాంక్రీటు పడ్డాక అదే పనికి గోడ కొట్టించాలి, మళ్లీ పూత పూయించాలి, రంగు వేయించాలి.